గోడ మీద బూట్లు

నన్నెవరైనా "చిన్నప్పటి నుంచీ పుస్తకాల పురుగువా అమ్మా?" అని ముచ్చటగా అడిగితే ఒళ్లు మండుతుంది. సభల్లో అడుగుతారు, ఫోన్లో అడుగుతారు. పుస్తకం ఇష్టం కొద్దీ నా చేతికి రాలేదు. మా ఇంట్లో చప్పుడు చేయని ఆట అదొక్కటే కాబట్టి వచ్చింది.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైన్లో ఇళ్లు రెండేసి చొప్పున ఒకే గోడకు అతుక్కుని ఉంటాయి. గోడకు ఇటు మేము, అటు నా స్నేహితురాలి కుటుంబం. మా బాపూ, వాళ్ల నాయినా ఇద్దరూ బొగ్గుబాయిలో పనిచేసేవాళ్లు. షిఫ్టు వారం వారం మారుతుంది. నైట్ షిఫ్టు చేసినవాడు పొద్దున్నే వచ్చి, స్నానం చేసి, డ్యూటీ బూట్లు ముందరి పిట్టగోడ మీద ఎండకు బోర్లించి పడుకుంటాడు. గోడ మీద బూట్లు కనిపించాయంటే లోపల మనిషి నిద్రలో ఉన్నాడని అర్థం. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. కూరగాయల బండి అతను అరవడం ఆపేసి బండి తోసుకుంటూ పోతాడు. పిల్లలు బంతి పట్టుకుని పక్క లైనుకు పోతారు. ఆడవాళ్లు గిన్నెలు కూడా మెల్లగా తోముతారు. "చప్పుడు చెయ్యకు, బాపు పండుకున్నడు." నా బాల్యం మొత్తంలో నేను ఎక్కువసార్లు విన్న మాట అదే.

ఆ పద్ధతికి కారణం ఉంది, కాదనను. నిద్రలేని మనిషి బాయిలోకి దిగితే ఏమవుతుందో మా లైన్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది. న్యాయమైన దాని మీద కోపం వస్తే ఎక్కడ పెట్టుకోవాలి? దిగమింగుకుని పుస్తకం తెరిచేదాన్ని. లైబ్రరీలో అట్టలు ఊడిన నవలలు, రామగుండం స్టేషన్లో ఎవరో వదిలేసిన వారపత్రికలు, పొట్లం కట్టిన కాగితాలు, ఏది దొరికితే అది. పేజీ కూడా వినపడకుండా తిప్పడం నేర్చుకున్నాను.

అట్లా నేను తప్పించుకున్నాను. గోడకు అటున్న నా స్నేహితురాలు తప్పించుకోలేకపోయింది. ఆమెకు వచ్చింది సంగీతం.

చర్చిలో కొత్త కీబోర్డు కొన్నాక పాతది ఆమెకిచ్చారు. అందులో రెండు కీలు పలికేవి కావు. ఆ రెండూ తగలకుండా పాటను పక్కదారి పట్టించి వాయించేది. మా బాపు నైట్ షిఫ్టు ఒక వారం, వాళ్ల నాయినది మరో వారం. మూడో వారం ఇద్దరూ పగటి డ్యూటీల్లో ఉండేవాళ్లు. అంటే ఆ పిల్లకు మూడు వారాల్లో ఒక్క వారం పాట. మిగతా రెండు వారాలూ స్విచ్ ఆపేసి, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని ఉత్త వేళ్లు ఆడించేది. పెదాలు కదిలేవి, గొంతు పైకి వచ్చేది కాదు. నేను పక్కన కూర్చుని చదువుకునేదాన్ని. మా స్నేహం మాటలతో పెరిగింది కాదు. "ఇప్పుడేం వాయిస్తున్నవే?" అని చెవిలో అడిగితే నా ముంజేతి మీద వేళ్లతో వాయించి చూపించేది. ఆ పాటల్లో సగం నేను చెవితో ఎన్నడూ వినలేదు, చేతికి మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి.

మేం పదో తరగతిలో ఉన్న డిసెంబరులో, క్రిస్మస్ కోసం ఆమె ఒక పాట కట్టింది. మొదటిసారి సొంతంగా. రెండు వారాలు నా చేతి మీదే వాయించింది. దాన్ని వినాలని నాకు ప్రాణం కొట్టుకునేది. చివరికి మూడో వారం వచ్చింది. ఆమె మా ఇంటి వైపు తొంగి చూసింది. గోడ మీద బూట్లు లేవు. వాళ్ల వాకిట్లో చాప పరిచి, స్విచ్ వేసి, గొంతెత్తి మొదలుపెట్టింది.

రెండో చరణం దాకా రాలేదు. మా బాపు లుంగీ మీదే, ఎర్రటి కళ్లతో వచ్చాడు. తోటి కార్మికుడి ఇంట్లో పెళ్లి ఉందని ఆ వారం డ్యూటీ మార్చుకుని, అతని బదులు నైట్ షిఫ్టుకు పోయొచ్చాడు. ఆమె ఒళ్లోంచి కీబోర్డు లాగి గచ్చుకేసి కొట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. వాళ్లమ్మ నల్లా దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చి ఏమందో తెలుసా? "తప్పయింది తమ్మీ, నువ్వు పోయి పండుకో." తర్వాత బిడ్డ వైపు తిరిగి, "బూట్లు చూసుకోవద్దానే, కండ్లు లేవా?" అని నెత్తి మీద ఒకటి వేసింది. పగిలిన వస్తువు వాళ్లది, క్షమాపణ కూడా వాళ్లదే! మా లైన్లో నిద్రపోయేవాడిదే ఎప్పుడూ న్యాయం.

ఆమె నాయినను లైనంతా బాబాయి వరస కలిపి కాక అని పిలిచేది. కాక ఆ రోజు ఫస్ట్ షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చి ముక్కలు చూశాడు, మూల కూర్చున్న బిడ్డను చూశాడు. చేతిలో టిఫిన్ డబ్బా కింద పెట్టకుండానే మా గుమ్మం దగ్గరికొచ్చాడు. మా బాపును కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననే అనుకున్నాను.

"తమ్మీ, మల్ల నిద్ర పట్టిందా?" అన్నాడు. "పట్టకుంటే ఇయ్యాల నాగా పెట్టు. బాయిల దిగకు."

మా బాపు మొహం తిప్పుకున్నాడు. ఆ రోజు డ్యూటీకి పోలేదు. కీబోర్డు పగిలిందని లైనంతా తెలిసింది కానీ, ఎవరు పగలగొట్టారన్న మాట ఆ రెండిళ్లు దాటలేదు. దాటనివ్వలేదు కాక. పక్కపక్కన బతికే మనుషులమని ఇంట్లో అందరి నోళ్లూ మూయించాడు.

ఆమె మళ్లీ వాయించలేదు. ఇప్పుడు నది అవతల, మాకు దగ్గర్లోనే ఉన్న జైపూర్‌లో ఒక బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతోంది. పిల్లలకు పాట నేర్పమంటే తనకు రాదని చెప్పిందట. ఆ సంగతి విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, మండిపోయింది.

ఇక నా రాత సంగతి. మా ప్రాంతం నుంచి ఎవరు రాసినా సాహిత్యంలో పెద్దలకు ఒకటే కోరిక. కథలో బొగ్గు రాలాలి. ఎవడో ఒకడు పైకప్పు కూలి చావాలి, లేదా ఇంటికొచ్చి పెళ్లాం బిడ్డలను కొట్టాలి. నేను వాన గురించి ఒక కథ రాసి పత్రికకు పంపితే "మీ బాయి జీవితం రాయండమ్మా" అని తిరిగొచ్చింది. ఒళ్లు మండి రాశాను. కీబోర్డు కథే రాశాను. కానీ పగలగొట్టిన మనిషిని మార్చాను. నా కథలో నోరు తెరిస్తే ప్రార్థన చేసే తండ్రి, డ్యూటీ నుంచి వచ్చి సొంత బిడ్డ కీబోర్డును నేలకేసి కొడతాడు. అట్లా అయితే కథకు బలం వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. ఉత్త అబద్ధం. మా బాపంటే నాకు భయం, కాకంటే భయం లేదు. తిరిగి ఏమీ అనని మనిషి మీద రాయడం ఎంత తేలికో!

కథ అచ్చయింది, తర్వాత నా మొదటి పుస్తకంలోకి ఎక్కింది. కరీంనగర్ సభలో ఒక పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి "ఎంత నిజాయితీ తల్లీ!" అన్నాడు. ఒకావిడ లేచి "సొంత అనుభవమేనా?" అని అడిగింది. అవునన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఇక్కడ లైన్లో చదివినవాళ్లు చదివారు, చదవనివాళ్లకు చెప్పారు. పేరు పెట్టకపోతే ఏం, మా లైన్లో కీబోర్డు పగిలిన ఇల్లు ఎన్ని? "గంత మంచోడనుకుంటిమి, ఇంట్ల గిట్లనా" అని నల్లా దగ్గర అనుకుంటున్నారని మా అమ్మే చెప్పింది. చెప్పి, నా వైపు చూడకుండా లోపలికి పోయింది. నా స్నేహితురాలు ఫోన్ ఎత్తడం మానేసింది. ఆదివారం పుట్టింటికి వచ్చేది, గోడకు అటే ఉండేది, అటునుంచి అటే పోయేది.

ఈ ఏడు కాకకు రిటైర్మెంటు వచ్చింది. డ్యూటీ దిగిపోయే మనిషికి సన్మాన పత్రం చదవడం మా దగ్గర రివాజు. ప్రింటింగ్ షాపులో నమూనా తయారుగా ఉంటుంది: మృదుభాషి, నిరాడంబరుడు, కార్యదీక్షాపరుడు. పేరు మారుతుంది, గుణాలు మారవు. బాయిలో ప్రతివాడితో జగడం పెట్టుకున్నవాడు కూడా ఆ ఒక్కరోజు మృదుభాషే. కాక ఆ షాపుకు పోలేదు, మా ఇంటికొచ్చాడు. చేతిలో నా పుస్తకం. అంచుల నిండా పెన్సిల్ గీతలు. ఆయన ఏది చదివినా గీతలు పెట్టుకుంటూ చదువుతాడు.

"చదివిన బిడ్డా. భాష మంచిగున్నది," అన్నాడు. "నా పత్రం నువ్వే రాయాలె."

"ఏం రాయమంటవ్ కాకా?"

"ఉన్నది రాయి. లేనిది పెట్టకు."

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆయన ఓపిక మీద కూడా నాకు కోపమొచ్చింది. జన్మలో ఒక్కసారైనా అరవొచ్చు కదా ఈ మనిషి!

ఆఖరి డ్యూటీ రోజు తోటివాళ్లు ఆయన మెడలో దండలు వేసి, ఓపెన్ జీపులో నిలబెట్టి, బ్యాండు వాయించుకుంటూ ఇంటికి తెచ్చారు. ఆ వారం మా బాపు నైట్ షిఫ్టు. మా గోడ మీద బూట్లున్నాయి, అయినా డప్పులు మోగాయి. మా లైన్లో ఆ ఒక్క ఊరేగింపుకే ఆ సడలింపు. బాపు నిద్రపోకుండా వచ్చి టెంటు కింద ముందు వరసలో కూర్చున్నాడు. పాస్టరు ప్రార్థన చేశాక నన్ను పిలిచారు.

మైకులో చదివాను. "ఈయన తన బిడ్డ పాటను ఏనాడూ ఆపలేదు. ఆ కీబోర్డు పగలగొట్టింది మా బాపు. పగలగొట్టిన మనిషిని నిద్ర పట్టిందా అని అడిగినవాడు ఈయన. నా కథలో నేను రాసింది అబద్ధం." బాపు లేచి, తాను తెచ్చిన శాలువా కాక భుజాల మీద కప్పాడు. కాక ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. మళ్లీ నాకే చప్పట్లు. నిజం చెప్పేశానని లోలోపల పొంగిపోయాను కూడా.

భోజనాల తర్వాత డ్రమ్ము దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది. పుస్తకం వచ్చాక నాతో మాట్లాడడం అదే మొదలు.

"కథల మా నాయినను పెట్టినవ్. ఇయ్యాల మీ బాపును పెట్టినవ్," అంది. "ఆ దినం గోడ మీద బూట్లెందుకు లేవే? గా సంగతి ఎన్నడు రాస్తవ్?"

చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది. ఆమెకు తెలుసు. ఇన్నేళ్లూ తెలిసే ఎవరికీ చెప్పలేదు.

రాస్తున్నాను. ఆ రోజు పొద్దున బాపు ఎప్పటిలాగే బూట్లు గోడ మీద బోర్లించే పడుకున్నాడు. నేను చూశాను. ఆ పాట కోసం ఇంకో మూడు వారాలు ఆగడం నా వల్ల కాలేదు. తడి బూట్లు రెండూ తీసి మా నీళ్ల డ్రమ్ము వెనక దాచి, గోడ మీది నుంచి "బాపు ఇంట్ల లేడే, వాయించు" అని చెప్పింది నేనే. వాళ్లమ్మ నల్లా దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చేలోపు వాటిని మళ్లీ గోడ మీద పెట్టింది కూడా నేనే. ఆమె ఒకసారి ఆ బూట్ల వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది, దెబ్బ తిని ఊరుకుంది.