అగరబత్తి చాటున వాసన

మెట్టుగూడ సిగ్నల్ దగ్గర పిల్లల్ని స్కూల్‌కు తీసుకెళ్తున్న నా పక్కన స్కూటర్ ఆపిన ఒక పెద్దాయన, తెరిచి ఉన్న మా కారు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, డాష్‌బోర్డు మీద వెలుగుతున్న అగరబత్తిని రెండు వేళ్లతో నలిపేశాడు. నేను అరవబోయాను.

"ఇంజన్ బంద్ చెయ్యమ్మా. ముందుగాల పిల్లల్ని దించు," అన్నాడు. ఆ గొంతు విన్నాకే నాకు భయం వేసింది.

పిల్లల్ని ఫుట్‌పాత్ మీద నిలబెట్టి, ఆయనా నేనూ కారును పక్కకు తోశాం. ఆయన బానెట్ ఎత్తి, ఇంజన్‌కు పెట్రోలు తెచ్చే రబ్బరు పైపును మెల్లగా వంచాడు. దాని నిండా పగుళ్లే. ఆయన వేళ్లు తడిశాయి.

"ఎన్ని దినాల సంది వస్తుంది ఈ వాసన?"

"ఈరోజే అండీ," అన్నాను.

"కాదు తాతా, మస్తు రోజులైంది!" అంది నా ఏడేళ్ల కూతురు. "నేను చెప్తే, స్కూల్ ఎగ్గొట్టనీకి నాటకాలా అని మమ్మీ తిట్టింది."

నిజమే. దాన్ని తిట్టి, వాసన తెలియకుండా రోజూ కారులో అగరబత్తి వెలిగించింది నేనే.

ఆయన నన్ను తిట్టినా బాగుండేది. చేతులు తుడుచుకుంటూ నా కూతురితోనే మాట్లాడాడు.

"నీ ముక్కు మంచిగ పనిచేస్తుంది బేటా. గీ పాత పైపులన్నీ మార్చేదాకా బండి ఎక్కకు."

స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. నేను ఆయన పేరైనా అడగలేదు.

మర్నాడు పొద్దున ఆటో కోసం నిలబడ్డప్పుడు పిల్లలిద్దరికీ చెప్పాను.

"నిన్న ఆ తాతకు నేను అబద్ధం చెప్పిన. ఇంక మీకు ఏ వాసన వచ్చినా నాకు చెప్పాలె. నేను తిట్టినా సరే, మళ్లా చెప్పాలె."