ఎవరూ లేపకుండా మిగిలిపోయినవాడు

ఎవరైనా దెయ్యాన్ని చూశామంటే, ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఎలా ఉంది, పక్కన ఇంకెవరున్నారు అని అడిగే మనిషిని నేను. ఇన్నేళ్లలో ఒక్క సమాధానమూ నన్ను నమ్మించలేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. పోర్టులో దిగే బస్తాలు లెక్కపెట్టే పనిలోనే జుట్టు నెరిసింది. లెక్క కుదరలేదంటే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. ఈ ఒక్కదానిలో ఆ పొరపాటు నాకు దొరకలేదు.

వన్ టౌన్‌లో మా హైస్కూలుకి కబడ్డీ అంటే ప్రాణం. అక్కడ ఒక ఆచారం ఉండేది. ఆట ముగిసేసరికి అవుటైనవాళ్లు గీత బయట వరసగా కూర్చుని ఉంటారు. కెప్టెన్ వచ్చి ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి "లే" అనాలి. అప్పటిదాకా వాళ్లు గ్రౌండు దాటకూడదు. అవుటైనవాణ్ణి మేం చచ్చాడనే అనేవాళ్లం. చచ్చినవాడు అలాగే ఇంటికి పోకూడదని మా డ్రిల్లు మాస్టారి పట్టుదల.

డెబ్బైలలో ఒక ఏడాది ఫైనల్ మధ్యలో గాలివాన విరుచుకుపడింది. షెడ్డు రేకులు ఎగిరిపోతుంటే అందరం పరిగెత్తాం. అప్పుడు అవుటై కూర్చున్నది జాలరి కుర్రాడు అప్పల్రాజు ఒక్కడే. అతన్ని ఎవరూ లేపలేదు. ఆ నెలలోనే వేటకి వెళ్లిన ఒక పడవ తిరిగి రాలేదు. అందులో అతనూ ఉన్నాడు.

ఆనాటి కెప్టెన్ సింహాచలం తర్వాత మా చెల్లెల్ని చేసుకుని నాకు బావయ్యాడు. ఎనభైలలో స్కూలు గాజువాక వైపు మారుస్తారని, గ్రౌండులో గోడౌన్లు కడతారని తెలిసింది. పాత విద్యార్థులం కుర్రాళ్లతో చివరి ఆట పెట్టుకున్నాం. ముందురోజు సున్నంతో గీతలు వేస్తూ బావ తలెత్తకుండా అన్నాడు.

"ఈ గ్రౌండు పోతే ఆడ్ని ఇంకెక్కడ లేపుతాం బావా?"

నేను మాట మార్చేశాను.

ఆట రోజు మధ్యాహ్నం స్కోరు బోర్డు తేవడానికి ఆటసామాన్ల గదిలోకి వెళ్లాను. వెనకే తలుపు మూసుకుంది. గడియ పడలేదు, తాళం నా జేబులోనే ఉంది. భుజంతో గుద్దాను, కాలితో తన్నాను, కదల్లేదు. చువ్వల కిటికీలోంచి గ్రౌండంతా కనిపిస్తోంది. గొంతు పోయేలా అరిచాను. డప్పుల మోతలో ఎవరూ తిరిగి చూడలేదు. నేను రాకుండానే ఆట మొదలైంది.

గదిలో గాలి ఆగిపోయింది. కూత పెట్టి వెళ్లి, నలుగురి కింద దొరికిపోయి, గీత అందక ఊపిరి అయిపోతున్నవాడిలా ఉంది నా పని. ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ కిటికీ దగ్గరే నిలబడి బోర్డు మీద స్కోరు రాశాను.

మావాళ్లు ఓడిపోయారు. ఏడుగురిలో బావ ఒక్కడే కోర్టులో మిగిలాడు. అంటే మా వైపు గీత బయట ఆరుగురు కూర్చుని ఉండాలి. ఏడుగురున్నారు. రెండోసారి చివరి నుంచి లెక్కపెట్టాను. ఏడుగురే. చివరివాడు మోకాళ్లు చుట్టుకుని, తల వంచుకుని ఉన్నాడు.

బావ ఒక్కొక్కరినీ లేపుతూ వచ్చి, ఆరో మనిషిని లేపి వెనక్కి తిరిగాడు.

"బావా, ఇంకొకడున్నాడు" అన్నాను. ఈసారి అరవలేదు, అరిచే ఓపిక లేదు.

డప్పులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. అయినా బావ ఆగాడు. ఆ చోటికి వెళ్లి వంగి చెయ్యి చాపాడు. నా వెనక తలుపు దానంతటదే తెరుచుకుంది.

పరుగున వెళ్లేసరికి బావ తన అరచేతిని చూసుకుంటున్నాడు. తనకి అక్కడ ఎవరూ కనపడలేదట. నా గొంతు మాత్రం చెవి పక్కనే వినిపించిందట.

"నాను 'లేరా, ఇంటికెల్దాం' అన్నాను. తడి జుట్టు తగిలింది బావా."

ఆ రోజు చినుకు పడలేదు.

ఎవరైనా కొత్తవాడు వచ్చి కూర్చున్నాడా అని అందర్నీ అడిగాను. తలుపు బందులు విప్పి చూశాను. ఏమీ తేలలేదు.

కొత్త స్కూల్లోనూ ఆ ఆచారం ఉంది. అందర్నీ లేపాక కెప్టెన్ వరస చివర ఖాళీ చోట కూడా వంగి "లే" అంటాడు. బావ నేర్పిందే అది. ఎందుకలా అని పిల్లలు నన్నడుగుతారు. నాకూ తెలీదంటాను. అందులో అబద్ధం లేదు.