బాప్తిస్మపు పేర్లతో రాసిన జాబితా

మదనపల్లెలోని ఒక మిషన్ బాలికల హాస్టల్లో హెడ్ కుక్‌గా రిటైరైన మరుసటి ఏడాది, జనవరి నెలలో, నాకు ఇంకొక పని అప్పగించారు. గల్ఫ్‌లో ఒక చిన్న దేశంలో పని చేసుకుంటున్న మన వైపు విశ్వాసులు మూడు రోజుల క్యాంపు కూటం పెట్టుకోవాలనుకున్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాలు కలిసి వాక్యం చెప్పడానికి ఒక పాస్టరుగారిని, ఆయనతో పాస్టరమ్మను, వంట చూసుకోవడానికి నన్ను పంపాయి. ఆ దేశం పేరు రాయను. మన ఆడబిడ్డలు ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నారు.

నేను పుంగనూరులో నాలుగో తరగతి వరకే చదివాను. బైబిలు చదువుతాను, ఇండెంటు రాస్తాను. ఇండెంటు అంటే వారానికి కావలసిన సరుకుల పట్టీ. హెడ్ కుక్ రాయాలి, వార్డెన్ సంతకం పెట్టాలి. హెడ్ కుక్ కింద అసిస్టెంట్ కుక్, ఆమె కింద కామాటి. నీళ్లు పట్టడం, కూరగాయలు తరగడం, అండాలు తోమడం కామాటి పని. నేను కామాటిగా చేరి హెడ్ కుక్‌గా దిగాను. పిడికెడు బియ్యం నేలపాలు చేసిన కామాటిని ఊరికే వదిలింది లేదు. పిల్లలు నాకు భయపడేవాళ్లు. భయపడుతూనే కడుపునిండా తిన్నారు కాబట్టి నాకు దాని గురించి విచారం లేదు.

క్యాంపుకు మొదటి నుంచీ అడ్డంకులే. నాతో రావలసిన అసిస్టెంట్ కుక్‌కు వీసా రాలేదు. మాట్లాడుకున్న హాలు చివరిలో చేజారింది. రెండుసార్లూ మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేశాను. అసిస్టెంటుకు బదులు అక్కడి ఆడవాళ్లే ఐదుగురు వంటలో కలుస్తామన్నారు. హాలుకు బదులు అంతకంటే పెద్ద ఆవరణ దొరికింది, అందులో వంటిల్లు కూడా ఉంది. అలా రెండు గండాలు గడిచేసరికి నాకు కొంచెం గర్వం తలకెక్కింది. నేను అనుకున్నదల్లా దేవుడు ఒప్పుకుంటాడన్న ధీమా పుట్టింది. అసలు చిక్కు అక్కడి నుంచి మొదలైంది.

అక్కడ పనులన్నీ నడిపిస్తున్నది రాజారత్నం. కుప్పం మనిషి. చాలా ఏళ్లుగా ఆ పట్నంలో ఒక లాండ్రీలో సూపర్‌వైజరు. ఆ ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు కూడుకుంటాయి, గేటు దగ్గర కాపలా ఉంటుంది. క్యాంపుకు వచ్చేవాళ్ల పేర్ల జాబితా ముందే ఆఫీసులో ఇవ్వాలి. జాబితాలో ఉన్న పేరు, చేతిలోని బతాకా మీద పేరు ఒకటైతేనే లోపలికి వదులుతారు. బతాకా అంటే అక్కడి గుర్తింపు కార్డు. ఆ పేర్లు రాసే పని రాజారత్నం నాకే ఇచ్చాడు. వచ్చేవాళ్లలో సగం మంది మా హాస్టల్లో పెరిగినవాళ్లు. పైగా ఎంతమందికి వండాలో తేలాల్సింది కూడా నాకే. నేను మదనపల్లెలో ఉండగానే వాళ్లు శుక్రవారం శుక్రవారం నాకు ఫోన్ చేసి పేర్లు చెప్పారు.

మా సంఘాల్లో చాలామందికి రెండు పేర్లు. బడిలో చేర్చినప్పుడు రాయించింది ఒకటి, బాప్తిస్మంలో తీసుకున్నది ఒకటి. పాస్‌పోర్టుకు ఎక్కేది బడి పేరు, కూటంలో పిలిచేది బాప్తిస్మపు పేరు. బతాకాలో ఉన్న పేరే రాయమని రాజారత్నం నాకు స్పష్టంగా చెప్పాడు. నేను లెక్క చేయలేదు. మొదట ఫోన్ చేసిన పిల్ల తన పేరు మునిలక్ష్మి అని చెప్పగానే గదమాయించాను.

“దేవుని కూటానికి వస్తా పాత పేరు యాల సెప్తావే? బాప్తిస్మంలో పాస్టరు నిన్ను ఏమని పిలిచినాడు?”

“రూతు అని పిలిచినాడవ్వా. కానీ రాజారత్నమన్న బతాకా పేరు సెప్పమన్న్యాడే?”

“రాజారత్నమా నీకు బాప్తిస్మం ఇచ్చింది? రూతు అని రాస్తాండాను, పెట్టెయ్.”

ఆ మాట ఆడవాళ్లలో పాకింది. తర్వాత ఫోన్ చేసినవాళ్లంతా నేను అడగకముందే బాప్తిస్మపు పేరే చెప్పారు. నూటికి పైగా పేర్లు, ఒక్క కొట్టివేత లేకుండా రాసి పంపాను. రాజారత్నం రెండుసార్లు ఫోన్ చేసి, అవ్వా, ఇంకోసారి చూడు అన్నాడు. దేవుడు పిలిచే పేరుకు గేటు తెరుచుకోదా, నీకు విశ్వాసం తక్కువప్పా అన్నాను. తల్లి వయసున్నదానితో వాదించలేక ఆ జాబితానే ఆఫీసులో ఇచ్చేశాడు.

మేము మంగళవారం అక్కడికి చేరాం. కూటం గురువారం సాయంత్రం మొదలు, శనివారంతో ముగింపు. అసలైన రోజు శుక్రవారం. ఇళ్లలో పని చేసే ఆడవాళ్లకు దొరికేది ఆ ఒక్క దినమే, అదీ ఇంటి యజమానురాలు సరేనంటేనే. ఈ ఒక్క శుక్రవారం కోసం ముందు రెండు మూడు శుక్రవారాలు సెలవు మానుకుని పని చేసినవాళ్లున్నారు. ఈ దినం పోతే వాళ్లకు మళ్లీ ఏడాది దాకా ఇటువంటి కూటం లేదు.

వంటలో సాయం చేసే ఐదుగురు గురువారం కూడా సెలవు అడిగి తెచ్చుకుని, పన్నెండున్నరకు గేటు దగ్గరికి వచ్చారు. కాపలాదారు రూతు బతాకా చూశాడు, జాబితా చూశాడు. జాబితాలో మునిలక్ష్మి లేదు. తర్వాతి నలుగురిదీ అదే కథ. అతను గట్టిగా కూడా మాట్లాడలేదు. తల అడ్డంగా ఊపి, గోడ నీడలో కూర్చోమని చెయ్యి చూపించాడు.

రాజారత్నం ఆఫీసుకు పరుగెత్తి వచ్చాడు. దిద్దిన జాబితా సాయంత్రం ఐదు లోపల ఇస్తే తీసుకుంటారు. ఐదు దాటితే ఆఫీసు మూస్తారు, శుక్రవారం తెరవరు. జాబితాలో పేరు లేనివాళ్లు గేటు బయటే. పేర్లు అడుగుదామంటే ఆ ఆడవాళ్లంతా ఇళ్లలో పనిలో ఉన్నారు, ఆ వేళప్పుడు ఫోన్ ఎత్తలేరు.

రాజారత్నం జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీశాడు. నా జాబితానే. కానీ ప్రతి పేరు పక్కన ఒక ఖాళీ గడి గీసి ఉంది.

“నాకు విశ్వాసం తక్కువ గదవ్వా,” అన్నాడు. “అందుకే ఇంగో కాపీ ఎత్తి పెట్టుకున్న్యాను. ఇప్పుడు నింపుదాం రా.”

పాస్టరుగారు ముందు అందరం కలిసి ఒక గంట ప్రార్థనలో ఉందామన్నారు. మీరు చేయండయ్యా, నేను రాసిన తప్పు నేనే దిద్దాలి, నాకున్నది నాలుగు గంటలే అన్నాను. అందరికంటే ఎక్కువ ప్రార్థించాల్సినదాన్ని అప్పుడు నేనే. కానీ నోటికి ప్రార్థన రాలేదు, పేర్లు వచ్చాయి.

ఎలా వచ్చాయో చెప్పాలి. హాస్టల్లో ఉండగానే చాలామంది పిల్లలు బాప్తిస్మం తీసుకునేవాళ్లు. పొద్దున వార్డెన్ హాజరు బడి పేరుతో పిలుస్తుంది. కిటికీ దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడినప్పుడు ఒకరినొకరు పిలుచుకునేది సంఘం పేరుతో. హాజరులో లేని పిల్లకు ఆ పూట డైటు, అంటే భోజనం సరుకు, లెక్క కట్టి ఇవ్వరు. వార్డెన్ పట్టీలోని గంగులమ్మే నా ముందున్న ప్రిస్కిల్ల అని తెలిస్తే తప్ప నాకు ఎసరు ఎంత పెట్టాలో తెలిసేది కాదు. ముప్పై ఏళ్లు రెండు పేర్లూ జతపెట్టుకుంటూనే వండాను. వంటింటి గడప మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. కిటికీ ముందు వరుస కనిపించింది. ఎస్తేరు, రెడ్డెమ్మ. దెబోరా, పార్వతమ్మ. నేను చెబుతుంటే పాస్టరమ్మ రాసింది. గంట తిరిగేసరికి సగం గడులు నిండాయి.

మిగతా సగం మంది మా హాస్టల్ పిల్లలు కాదు. వాళ్ల పేర్లు తెలిసినవాళ్లు ఊళ్లో ఉన్న తల్లులే. మదనపల్లె వైపు నేను, పుంగనూరు వైపు పాస్టరమ్మ, కుప్పం వైపు రాజారత్నం పంచుకుని ఫోన్లు పట్టుకున్నాం. పేరొక్కటి అడిగితే అయిపోతుందనుకున్నాను. గల్ఫ్ నుంచి ఫోన్ చేసి కూతురి పాస్‌పోర్టు పేరు అడిగితే తల్లికి ఏమనిపిస్తుందో ఆలోచించలేదు. మదనపల్లె మార్కెట్లో టమేటాలు ఏరే మార్తమ్మకు ఫోన్ చేశాను. ఆమె కూతురు ఎలీసబెతు.

“యాల అడుగుతాండావక్కా? నా బిడ్డ యాడుండాది? ఏమైంది? నిజం సెప్పు!”

“నీ బిడ్డ సక్కంగా ఉండాది. బతాకాలో ఏం పేరుండాదో సెప్పు సాలు.”

“సక్కంగా ఉంటే దాన్నే అడగొచ్చు గదా! పేరు యాల కావాల్సొచ్చె? ఆస్పత్రిలో రాసుకునేదానికా?”

వెనకనుంచి ఇంకో ఇద్దరు ఏడుపు అందుకున్నారు. గల్ఫ్‌లో నిలబడి మదనపల్లె మార్కెట్టును ఊరుకోబెట్టవలసి వచ్చింది. తప్పు నాది, జాబితా నేనే తప్పుగా రాసినాను, పేరు సెప్పకుంటే నీ కూతురు రేపు గేటు బయట నిలబడతాది అని అరిచాను. మార్తమ్మ ముక్కు చీదుకుంది.

“సిన్న రెడ్డెమ్మ. ఆ మాట ముందే సెప్పలేవా? నా పానం పోయింది. ఇంతమంది పిల్లోళ్లను అదిలించి, నువ్వు రాసింది ఇదా?”

పెట్టేసింది. ఆ తర్వాత ప్రతి ఫోన్లోనూ మొదటి మాట, నీ బిడ్డ బాగుంది, రెండో మాట, తప్పు నాది. ఆ వరుసలో చెబితే పేరు తొందరగా వచ్చేది. ఆ సాయంత్రం ఎంతమంది తల్లుల దగ్గర ఒప్పుకున్నానో, ఉద్యోగమంతటిలోనూ అన్నిసార్లు ఒప్పుకోలేదు. కుప్పంలో ఒక అత్తకు కోడలి బతాకా పేరే తెలియదట. మేము పాపా అంటాము, ఆమె పలుకుతాది, అంతే అంది. రాజారత్నం ఆమె కొడుకు ఫోన్ నంబరు తీసుకుని, గ్రానైటు మిషన్ల మోతలో అతని చేత మూడుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు.

ఆ సందులోనే గేటు బయట ఐదుగురూ ఊరికే కూర్చున్నారని గుర్తొచ్చింది. తరగమని ఎర్రగడ్డల మూట, అంటే ఉల్లిపాయలు, కత్తిపీటలు బయటికి పంపాను. కాపలాదారు మూట విప్పి చూసి వదిలేశాడు. రూతు గేటు సందులోంచి కేక వేసింది.

“అవ్వా! ఎర్రగడ్డలకు బతాకా అడగలే. మేమే కాని మనుషులమైపోతిమి!”

ఎర్రగడ్డ తొక్క మందంగా తీయొద్దని నేనూ కేక వేశాను. ఎంత కష్టంలో ఉన్నా అది చెప్పకుండా ఉండలేను.

ఐదుకు పావుగంట ఉందనగా ఒకే ఒక్క గడి మిగిలింది. సలోమి. తంబళ్లపల్లె దగ్గర ఒక పల్లె పిల్ల. హాస్టల్లో చదవలేదు, తల్లి లేదు, అన్న ఫోన్ కలవడం లేదు. ఒక్క పేరు కోసం ఆగితే జాబితా మొత్తం పోతుంది. ఆ వరుస కొట్టేద్దామా అని రాజారత్నం అడిగాడు. కొట్టేయడానికి నాకు చేతులు రాలేదు. అలాగని ఊహించి ఇంకో పేరు రాసే ధైర్యమూ లేదు.

“మన సేతనైంది అయిపోయిందప్పా. దాన్ని ఉన్నది ఉన్నట్టే పెట్టి ఇచ్చేయ్. ఇంక ఆయన సూసుకోనీ,” అన్నాను.

అతను ఆఫీసు కిటికీలో కాగితాలు పెట్టాడు. గుమస్తా గడియారం చూసి, ఒక్కో పేజీకి ముద్ర కొట్టాడు. రూతు వాళ్లు ఐదుగురు ఎర్రగడ్డల బేసిన్లు మోసుకుంటూ లోపలికి వచ్చారు.

శుక్రవారం మధ్యాహ్నానికి రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, కోడి పులుసు. పదిమందికి చేసే సంగటి వేరు, వందమందికి చేసేది వేరు. అన్నం జావగా ఉడికాక పిండి మధ్యలో గుట్టగా పోసి మూత పెట్టాలి, తొందరపడి కలిపితే ఉండలు కడుతుంది. ఎసరు చూసుకోమని రూతుకు చెప్పి, తొమ్మిదికి గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వండుతున్న పొయ్యి వదిలి బయటికి రావడం నేను ఎవరిలోనూ సహించిన తప్పు కాదు. ఆ రోజు నేనే చేశాను.

వాళ్లు గుంపులు గుంపులుగా వచ్చారు. కాపలాదారు బతాకా చూడడం, జాబితాలో వేలు పెట్టడం, తల ఊపడం. ప్రతి తల ఊపుకూ నా గుండె మీద నుంచి ఒక్కో రాయి దిగింది. మార్తమ్మ కూతురు నన్ను చూసి, మా అమ్మ నిన్ను తిట్టిందంట కదవ్వా అని నవ్వుతూ లోపలికి పోయింది.

అందరికంటే చివర, పదిన్నర దాటాక, సన్నగా పొడుగ్గా ఉన్న ఒక పిల్ల బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. పేరు అడిగితే సలోమి అంది. నేను కాపలాదారుతో బతిమాలడానికి తెలిసిన రెండు ఇంగ్లీషు మాటలు సిద్ధం చేసుకున్నాను. అతను బతాకా చూశాడు, జాబితా చూశాడు, తల ఊపాడు. నమ్మలేక ఆ కార్డు తీసుకుని పక్కనే ఉన్న రాజారత్నానికి చూపించాను. రాజారత్నం చదివాడు. కార్డు మీదా సలోమే.

“నీకు ఇంగో పేరు లేదా?” అన్నాను.

“యాడిదవ్వా? మా అవ్వ కాలం నుంచీ మేము సంఘమే. పుట్టినప్పటినుంచీ నేను సలోమినే. యాల, ఆ పేరు బాగలేదా?”

రాజారత్నం గేటు కమ్మీ పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. బాగుందమ్మా, అన్నిటికంటే బాగుంది, పోయి చెయ్యి కడుక్కో అన్నాను.

సంగటి ముద్దలు కట్టి, వడ్డించడానికి అరగంట ముందు నేను తిని చూశాను. అది హెడ్ కుక్ నియమం. ఉప్పు సరిపోయింది, ఉండలు లేవు. ఆ పూట ఒక్క ముద్ద కూడా మిగల్లేదు.

తర్వాత ఇంకో రెండు క్యాంపులకు పని చేశాను. మొదటి రెండు అడ్డంకుల్లో నా చేతిలో ఏమీ లేదు, నమ్మి ఊరుకున్నాను, అది సరిపోయింది. మూడోది నేను తెచ్చిపెట్టుకున్నది. కార్డులో ఏముందో అడగడం నా పనిగా ఉండగా, దాన్ని దేవుని మీదికి తోసి విశ్వాసమని పేరు పెట్టాను. నమ్మకం నా వంతు పనిని మాఫీ చేయదు. సలోమి దగ్గరికి వచ్చేసరికి నా వంతు నిజంగా అయిపోయింది, అక్కడ నమ్మడం తప్ప ఇంకో దారి లేదు. నా పని ఎక్కడ ఆగుతుందో ముందు సరిగ్గా తెలుసుకుని, అక్కడిదాకా చేసి, ఆ తర్వాత ఆయనకు వదలాలి. ఇది నాకు రిటైరైన తర్వాత తెలిసింది.