కేక టైలరు

బాగా అదిరిపోయిందనడానికి జనం "కేక" అంటారు. ఆ టైలరు నోట్లో ఆ మాట ఎప్పుడూ నానుతుండేది. చంకలో బట్ట పట్టేస్తున్నా సరే, అద్దం ముందు నిలబడ్డ ప్రతివాడితోనూ "కేక బాబూ!" అనేసేవాడు. ముప్పయ్యేళ్లు పక్కనే కూర్చుని చేత్తో గుండీలకు కాజాలు కుట్టిన భార్యతో మాత్రం, బట్ట తిరగేసి చూసి, "పర్లేదు" అనేవాడు. ఇంటిమనిషిని పొగిడితే పనితనం చెడుతుందని ఆయన మొండి నమ్మకం.

ఆమె పోయిన ఏడాదికి ఒకాయన పాత కోటు వదులు చేయించుకుందామని వేసుకొచ్చాడు. గుడ్డ చివికిపోయింది. ఆమె కుట్టిన కాజాల్లో మాత్రం ఒక్క పోగూ కదల్లేదు.

"కేక," అన్నాడు టైలరు, ఆ కాజాలను వేలితో తడుముతూ.

"మీరు అందరితోనూ అదే అంటారుగా!" నవ్వాడు కోటాయన.

"అన్నానయ్యా, అనాల్సిన మనిషితో తప్ప."