కొత్త జెర్సీలకు పాత కుట్లు

ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసు వెనక, చిరిగిన నెట్లూ గాలి పోయిన బంతులూ పడేసే గదిలో ఒక కుట్టుమిషను ఉంది. దాని ముందు కూర్చునే ఆవిడను ఆడజట్టంతా సూదక్క అంటుంది. మగజట్టు వాడి వదిలేసిన, లేదా రంగు నచ్చక వద్దన్న జెర్సీలను ఆడపిల్లలకు సరిపోయేలా చేయడం ఆవిడ పని. అన్నదమ్ములకు కొత్తవి, అక్కచెల్లెళ్ళకు విడిచినవి. దీన్ని పొదుపంటారు క్లబ్బు పెద్దలు. ఆ పొదుపు ఎప్పుడూ ఆడపిల్లల ఒంటిమీదే ఎందుకు జరగాలో మాత్రం చెప్పరు.

ఈ ఏడు ఆ జట్టు ఖండంలోని మహిళా క్లబ్బుల ఛాంపియన్‌షిప్‌లో సెమీఫైనల్‌కు చేరింది. మ్యాచ్ ముందురోజు సూదక్క గదికి జెర్సీల మూట వచ్చింది. ఆవిడ అలవాటుగా సుద్దముక్క తీసి అటు బెత్తెడు, ఇటు బెత్తెడు గీసి, అన్నిటికీ పక్కలు బిగించి కుట్టేసింది. మధ్యలో నడుములు సన్నగా అనిపించాయి.

"ఈసారి మగపిల్లలు చిక్కిపోయారే! తిండి పెట్టడం లేదా ఏంటి?" అనుకుంటూ మిషను తొక్కింది.

మర్నాడు స్టేడియంలో, బట్టలు మార్చుకునే గదిలో, గోల్‌కీపరు తన జెర్సీలోకి తల దూర్చింది. పొడుగు మనిషి, అందరూ నిచ్చెన అంటారు. పైకెత్తిన చేతులు మళ్ళీ కిందికి దిగలేదు.

"అక్కా, ఇది జెర్సీయా, దిండు గలీబా?"

"ఊపిరి బిగబట్టి లాగవే."

"ఊపిరి బిగబట్టి గోల్ ఎలా ఆపనూ?"

కెప్టెన్ తన జెర్సీ అటూ ఇటూ తిప్పి చూసి తల పట్టుకుంది. "సూదక్కా, ఇవి మా కొలతలకే కుట్టించినవి! కోచ్ మేడం పోట్లాడి తెప్పించారు. నీకెవరూ చెప్పలేదా?"

"మీ కొలతలకా? మీకోసమా?"

ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు. మరో జత లేదు. కాసేపట్లో ఛాంపియన్‌షిప్ అధికారి వచ్చి దుస్తులు చూస్తాడు. అవి సరిగా లేకపోతే మైదానంలోకి దిగనివ్వడు.

"కత్తిరించేశావా?" కోచ్ ఒక జెర్సీ లాక్కుని తిరగేసింది.

"కత్తెర పెట్టలేదమ్మా. లోపలికి మడిచి కుట్టానంతే. మగజట్టువాళ్ళు ఎప్పుడు వెనక్కి అడుగుతారో తెలీదుగా."

నిచ్చెనే ముందు నవ్వింది. "పోన్లే, మనల్ని చిన్నచూపు చూసినందుకు ఇవాళ్టికి ఇదొక్కటి కలిసొచ్చింది."

అంతా నేలమీద కూలబడి బ్లేడ్లతో, గోళ్ళతో, పళ్ళతో కుట్లు విప్పసాగారు. సూదక్క మాత్రం ఒక జెర్సీ తిరగేసి అందులో మునిగిపోయింది.

"చంక కింద చూశారా? వేరే ముక్క వేశారు! చెయ్యెత్తితే పట్టకూడదని. ఎవరికి తట్టిందబ్బా? తప్పకుండా ఆడమనిషే."

"అక్కా, ముందు విప్పు తల్లీ!"

అధికారి వచ్చాడు. జెర్సీ పక్కన వరసగా ఉన్న సూది రంధ్రాలను వేలితో తడిమాడు. "ఇవేంటి?"

"గాలాడ్డానికండీ," అంది కెప్టెన్, మొహం మీద నవ్వు రానీయకుండా.

ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

ఆట మొదలైంది. గట్టు మీద కూర్చున్న సూదక్క బంతివైపు చూస్తే ఒట్టు. ఆవిడ కళ్ళు భుజాల వెంటే పరుగెత్తాయి. చివర్లో అవతలి పిల్ల కొట్టిన బంతికి నిచ్చెన ఒళ్ళంతా సాగదీసి గాల్లోకి లేచింది. జెర్సీ ఆమెతోపాటే లేచింది, ఎక్కడా ఆమెను వెనక్కి లాగలేదు. స్టేడియం హోరెత్తింది.

విజిల్ మోగగానే పిల్లలు పరుగున వచ్చి ఆవిడను చుట్టేశారు.

"ఫైనల్‌కెళ్ళాం అక్కా!"

"అలాగా? ఎన్ని గోల్స్‌కి?"

"అదేంటి, నువ్వు చూడలేదా?"

"చూశానే, కళ్ళార్పకుండా చూశాను." సూదక్క వాళ్ళను పక్కకు తోసి గోల్‌కీపరు చెయ్యి పట్టుకుంది. "నిచ్చెనా, ఇటు రా. ఇంకొక్కసారి ఎగురు."