అక్క గట్టెక్కిన రోజు

మొన్న స్నానాల గదిలో కాస్త తూలానని మా కోడలు నన్ను నెల్లూరులో ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. నా మనవరాలి వయసు పిల్ల. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడమంది, చేతులు గుండెల మీద కట్టుకోమంది, ఆ తరువాత కళ్ళు మూసుకోమంది. ఆ చివరి మాట వినగానే నాకు నవ్వూ, దాని వెనకాలే కన్నీళ్ళూ వచ్చాయి. భయపడ్డానేమోనని ఆ పిల్ల కంగారుపడింది. భయం కాదు, మా పెద్దక్క గుర్తొచ్చింది.

అరవయ్యో దశకం మొదట్లో మాట. మనుబోలు అవతల ఒక పల్లెలో నాకు ఎలిమెంటరీ స్కూలు పంతులమ్మగా కొత్తగా ఉద్యోగం దొరికింది. అక్కను ఇచ్చింది ఆ ఊళ్ళోనే కనుక వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. అక్క సన్నపాటి మనిషే గాని, నాట్ల కాలంలో అన్నం తట్ట నెత్తిన పెట్టుకుని, దాన్ని చేత్తో పట్టుకోకుండానే, జానెడు వెడల్పు పొలం గట్టు మీద ఏదో ఆలోచించుకుంటూ నడిచిపోయేది. అలాంటి మనిషికి క్షయ పట్టింది. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు ఆ జబ్బు పేరు వింటేనే ఆశ వదులుకునేవాళ్ళు. అప్పటికి సూదిమందు వచ్చింది కనుక బావ ఆమెను నెల్లూరు తీసుకుపోయి నెలల తరబడి ఆ సూదులు వేయించాడు. దగ్గు తగ్గింది, ఒంటికి కండ పట్టింది, అక్క బతికింది.

అసలు సంగతి ఇంటికొచ్చాక బయటపడింది. పొద్దున ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకుంటే తొట్టి దగ్గరే ఒరిగిపోయేది. పొద్దు గుంకితే గోడ వదిలేది కాదు. నడుస్తుంటే ఎదురొచ్చే మనిషి ముఖమూ, దూరాన తాటిచెట్లూ ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపించేవట, ఆగితే అవీ ఆగేవట. ఊళ్ళో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు అంతకన్నా చెడ్డ మాటే అన్నారు. అక్క వాకిలి దాటడం మానుకుంది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, నేను వింటుండగానే బావతో అంది:

“నేనింక చేలోకి రాలేను మావా. నన్ను మా అమ్మ కాడ దించేసి ఇంకో మనువు చేసుకో.”

బావ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. “రేపు నెల్లూరు పోతా ఉండాం,” అని మాత్రం అన్నాడు.

నేనూ తోడు వెళ్ళాను. ఆసుపత్రిలో నడివయసు నర్సమ్మ ఒకామె అక్కను ఇలాగే కళ్ళు మూయించి నిలబెట్టింది. మూసిన మరుక్షణం అక్క వెనక్కి వాలి ఆమె చేతుల్లో పడింది. డాక్టరు గారు చెప్పిన దాన్ని ఆమే మాకు విడమరిచింది. మనిషి పడకుండా నిలబడాలంటే కళ్ళూ, అరికాళ్ళూ, చెవి లోపల ఉండే ఒక సన్నని అమరికా కలిసి పని చేయాలట. ప్రాణం నిలిపిన మందే ఆ చెవిలోదాన్ని దెబ్బతీసిందట.

“అది మళ్ళా రాదమ్మా. దాని పని గూడా కళ్ళకీ కాళ్ళకీ నేర్పుకోవాల,” అని, బావ వైపు తిరిగింది. “నువ్వు ఎనక నిలబడు నాయనా, చెయ్యి మాత్రం పట్టుకోబాక. పట్టుకుంటే ఆ కాళ్ళు నిన్ను నమ్ముకుంటాయి, నేర్చుకోవు.”

ఆ వేసవంతా మా వాకిలే అక్కకు బడి అయింది. బొటనవేలు కళ్ళ ముందు నిలిపి, దాని మీంచి చూపు తప్పకుండా తలను అటూ ఇటూ తిప్పేది. గొడ్లపాక మూలలో రెండు గోడల మధ్య కళ్ళు మూసుకుని నిలబడేది. తానే ముగ్గుతో గీత గీసుకుని, మడమకు వేళ్ళు ఆనించి ఆ గీత మీద నడిచేది. వెనక బావ, రెండు చేతులూ చాచి, తాకకుండా. పొగరుబోతు ఎద్దును ముకుతాడు పట్టి నిలిపే చేతులవి. అక్క తూలినప్పుడల్లా ఆయన ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు, అయినా నర్సమ్మ మాట జవదాటలేదు. పెళ్ళాం పడుతుంటే చూస్తూ నిలబడే మొగుణ్ణి ఎక్కడా చూడలేదని బావ వాళ్ళమ్మ సణిగేది.

కాలవకు నీళ్ళొచ్చి నాట్లు మొదలయ్యాక, ఒక సెలవు రోజు ఉదయం, అక్క తనంతట తానే చెంగు దోపుకుని పొలానికి బయలుదేరింది. బావా, నేనూ వెంట వెళ్ళాం. గట్టు తడిసి మెత్తగా ఉంది. కిందికి చూడకుండా, దూరాన రైలు కట్ట మీది సిగ్నలు స్తంభం మీద చూపు నిలిపి సగం దాకా బాగానే నడిచింది. పక్క మడిలోంచి కొంగ ఒకటి గబుక్కున లేచేసరికి చూపు చెదిరి బురదలోకి జారిపడింది. నాట్లేసే ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. బావ గట్టు దిగబోయాడు.

“నువ్వు ఆడే ఉండు మావా,” అంది అక్క.

మోచేతులు గట్టుకు ఆనించి, ఎలాగో పైకెక్కి, నిలబడింది. మిగిలిన దూరమూ నడిచింది. చివర తుమ్మచెట్టు నీడన కూర్చుని, మోకాళ్ళ మీది బురద గీక్కుంటూ నవ్వసాగింది. బావ తలపాగా విప్పి చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు. చెమటేనా అని ఎవరమూ అడగలేదు.

అక్క ఆ తరువాత పిల్లల్ని కన్నది, పెంచింది, ఏటేటా నాట్లకు పోయింది. తట్ట మాత్రం నెత్తికెత్తుకోక చంకన పెట్టుకునేది. చీకటి ఒక్కటే ఆమెకు చివరిదాకా లొంగలేదు. పొద్దుపోయాక ఎక్కడికి పోవాలన్నా బావ ముందు నడిచేవాడు, అక్క ఆయన భుజం మీద రెండు వేళ్ళు ఆనించి వెనక నడిచేది. కొన్నాళ్ళకు ఆ వీధికి కరెంటు దీపాలు వచ్చాయి. అయినా ఆ వేళ్ళు ఆ భుజాన్ని వదల్లేదు, ఇంకెందుకని బావా అనలేదు.

ఇద్దరూ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మనిషి ఎటు ఒరుగుతున్నదీ తెర మీద చూపించే యంత్రాలు వచ్చాయట, మంచిదే, ఇంకా ఎందరో లేచి నడుస్తారు. ఆ పల్లెలోనూ దీపాల వెలుగుతో రాత్రంతా పగలే. సాయంత్రాలు నేను మా ఇంటి వసారాలో కూర్చుని, ఎవరి ఫోను వెలుగులో వాళ్ళు ఎడంగా నడిచిపోయే ఆలుమగల్ని చూస్తుంటాను. ఇంత వెలుతురులో వీళ్ళకు ఒకరి భుజం ఇంకొకరికి ఎప్పుడు తెలుస్తుందో అనిపిస్తుంది.