చివరి స్క్రూ ఇంటివాళ్ళదే

పెళ్ళయిన కొత్తలో పడిన అలవాటు అది. బట్టలు నానబెట్టే ముందు ఆయన చొక్కా జేబులు తడమాలి. తడమకపోతే బకెట్టు అడుగున గలగలమని చప్పుడు. స్క్రూలు, వాషర్లు, తీగముక్కలు, ఎవరి ఫ్యానుదో ఊడిన బుడిపె. అవన్నీ ఏరి కిటికీ పక్కనున్న పాత డబ్బాలో వేస్తూ, "నేను కట్టుకున్నది మనిషినా, ఇనుప సామాను కొట్టునా?" అనేది ఆమె. "కొట్టయితే అద్దె వచ్చేది. నేను కాబట్టి అన్నం పెట్టాల్సొస్తోంది నీకు" అని వెనక పెరట్లోంచి జవాబొచ్చేది.

ఇప్పుడు ఆమె ఉతికేవి ఆమె బట్టలే. వాటికి జేబుల్లేవు. అయినా నీళ్ళలో ముంచబోతూ చెయ్యి కాస్త ఆగుతుంది. ఏదో వెతుక్కుని, ఏమీ దొరక్క, ముంచేస్తుంది.

ఆయన ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. చేతులు ఊరుకోక పెరట్లో రేకుల షెడ్డు వేసి, వీధివాళ్ళ పాడైన సామాను బాగుచేయడం మొదలుపెట్టాడు. తనొక్కడే చేసుకుంటే అదొక మామూలు రిపేరు కొట్టయ్యేది. ఆయన మాత్రం పని తెలిసిన ప్రతివాణ్ణీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. కుళాయిల మేస్త్రి ఆదివారాలు వచ్చి పంపులు చూసేవాడు. ఆమె ఆడపడుచు తన కుట్టుమిషను తెచ్చి ఓ మూల పెట్టుకుని చినిగిన సంచులూ గొడుగులూ కుట్టేది. కుర్చీ బాగుచేయించుకున్న లెక్కల టీచరు, బదులుగా మేస్త్రి కూతురికి పాఠం చెప్పేది. ఇల్లాలిగా ఆమె చేసిందల్లా అందరికీ టీ పెట్టడమే. అయినా వీధంతా ఆమెని షెడ్డక్క అనే పిలిచేది.

ఆయనకో పిచ్చి అలవాటుండేది. వస్తువంతా చక్కగా బిగించేసి, చివరి స్క్రూ మాత్రం వదిలేసేవాడు. స్క్రూడ్రైవరు ఆ ఇంటివాళ్ళ చేతిలో పెట్టి, "ఇది మీది, కానివ్వండి" అనేవాడు. కొందరు నవ్వేవాళ్ళు, కొందరు విసుక్కునేవాళ్ళు.

"ఆ ఒక్కటీ బిగిస్తే మీ వేళ్ళేమన్నా అరిగిపోతాయా?" అని ఆమె దెప్పేది.

"అరగవనుకో. కానీ రేపు ఊడిపోయిందనుకో, తిట్లలో సగం వాళ్ళకే" అనేవాడు.

వట్టి బద్ధకం అనుకునేది ఆమె. అదీ ముద్దుగానే.

ఆయన పోయిన రోజు పొద్దున కూడా అంతే చేశాడు. వంటింటి అలమర తలుపు కింది బందు బిగించి, పై బందులో ఒక్క స్క్రూ వదిలి, దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, "ఇది నీది" అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి. "తర్వాత చూస్తాలెండి" అంది ఆమె. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు.

ఆ స్క్రూ గట్టు మీదే ఉండిపోయింది. తలుపు ఓ పక్కకి వేలాడుతూ ఉంది. షెడ్డుకి తాళం పడింది. తాళంచెవి ఆమె దిండు కిందికి చేరింది.

ఆదివారం వచ్చిందంటే కుళాయిల మేస్త్రి గుమ్మం ముందు నిలబడేవాడు. "అక్కా, ఈ వారమన్నా తీద్దామా? జనం మా ఇంటికొచ్చి ఫ్యాన్లు పడేసి పోతున్నారు. వాటితోపాటు మా ఆవిడ నన్ను కూడా బయట పెట్టేలా ఉంది."

"వచ్చే వారం చూద్దాంలే తమ్ముడూ" అనేది.

వచ్చే వారమూ అదే మాట. షెడ్డులో ఆయన స్క్రూడ్రైవరు పిడికి నల్లటేపు చుట్టి ఉంటుంది. ఆ టేపు మీద ఆయన బొటనవేలు చేసిన గుంట ఉంటుంది. ఆ గుంటలో ఇంకెవరో వేలు పెడతారని తలుచుకుంటేనే ఆమె చెయ్యి దిండు కిందికి పోయేది. అయితే ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే చిన్నపిల్ల మాటలా ఉంటుందని భయం.

అలాంటి రోజుల్లో ఆడపడుచు వచ్చి వంటింటి గట్టెక్కి కూర్చుంది.

"వదినా, అన్నయ్య వస్తానని ఒప్పుకున్న సదస్సు వచ్చే వారమే. ఆయన బదులు నువ్వు రావాలట. ఫోన్ చేశారు."

"నేనా? ఐదో తరగతి దాటనిదాన్ని. దేని మీదే అది?"

"సామాజిక ఆర్థికాభివృద్ధి."

"అంటే?"

"అంటే... ఓ వీధి వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు పని కల్పించుకుని, కలిసి నిలదొక్కుకోవడం. మన షెడ్డులో అన్నయ్య చేసింది అదే."

"దానికి అంత పెద్ద పేరా?"

"పుట్టిన పిల్లకి బారెడు పేరు పెట్టి, బుజ్జీ అని పిలవమూ? ఇదీ అంతే. నువ్వు రాకపోతే నేను ఈ గట్టు దిగను. నీ టీ అంతా తాగేస్తాను."

టీ కోసం కాదు గానీ, ఆయన ఇచ్చిన మాట కదా అని ఒప్పుకుంది.

హాలు గుమ్మం దగ్గర మెడలో వేసుకునే బ్యాడ్జీలు ఇస్తున్నారు. ఆ బల్ల దగ్గరున్న అమ్మాయి ఆమె బ్యాడ్జీ తీసి, చూసి, నాలిక్కరుచుకుంది. "అయ్యో, సారీ అమ్మా. సార్ పేరే అచ్చయిపోయింది. ఐదు నిమిషాలు కూర్చోండి, మార్చి ఇస్తాను."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఇంటికొచ్చే కరెంటు బిల్లు మీద తప్ప ఆయన పేరు అంత పెద్దగా ఎక్కడా చూడలేదు.

"మార్చకమ్మా. ఇలాగే ఉండనీ" అంది.

ఆ పిల్ల ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. తాడు చిక్కు తీసి, తనే ఆమె మెడలో వేసి, జుట్టులో ఇరుక్కోకుండా సరిచేసింది. ఆ చిన్నపనికి ఆమె కళ్ళు చెమర్చాయి. ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ బ్యాడ్జీ చదివి మగపేరేంటని వింతగా చూస్తుంటే, ఆడపడుచు ముందుకు దూకి, "మా వదిన. మా అన్నయ్య తరఫున వచ్చింది" అని దారంతా చాటుకుంటూ పోయింది.

"ఇంక చాల్లేవే. ఊరేగింపులా ఉంది."

"ఉండనీ. నీకు నోరు లేదు, నాకుంది. దేవుడు సమానంగా పంచాడు."

వాళ్ళకి కేటాయించిన గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఏసీ చలికి ఆమె చేతులు ఒళ్ళో దాచుకుంది. కళ్ళద్దాలావిడ ఒకరు సభ నడుపుతోంది. మాట మెత్తగా ఉంది. ఆవేళ మాట్లాడుకోవలసింది ఏమిటంటే, షెడ్డులాంటి చోట్లు మొదలుపెట్టినవాళ్ళు లేకుండా పోయాక ఏమవుతాయని. చాలావరకు మూతపడతాయట. ఎందుకు పడతాయో తలా ఒకరు చెబుతున్నారు. వింటున్నకొద్దీ ఆమెకి దిండు కింది తాళంచెవి వీపులో గుచ్చుకుంటున్నట్టే ఉంది.

"అమ్మా, మీ షెడ్డు ఇప్పుడెలా నడుస్తోంది?" అని అడిగింది కళ్ళద్దాలావిడ.

మైకు చేతికొచ్చింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నడవట్లేదండి. నేనే తాళం వేశాను."

ఆడపడుచు తన కుర్చీ ఆమె పక్కకి జరుపుకుంది.

"ఆయన పనిముట్లు..." అంది ఆమె. "వాటిని వేరేవాళ్ళు పట్టుకుంటే... ఆయన చేతి గుర్తులు చెరిగిపోతాయేమోనని."

తీరా అనేశాక, చిన్నపిల్ల మాటలా ఎవరికీ అనిపించినట్టు లేదు. కళ్ళద్దాలావిడ మైకు మెల్లగా అందుకుని, "తొందరేం లేదమ్మా. మూతపడటానికి ఇన్ని కారణాలు చెప్పుకున్నాం, ఇది మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు" అని, మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపింది.

అంతలో ఎదురుగా ఉన్న ఒకావిడ లేచింది. భారీ మనిషి, భారీ గొంతు. మైకు వద్దంది. బస్సు కండక్టరుగా చేసి మానేసిందట, ఆ గొంతుకి మైకెందుకు!

"చెల్లీ, నీ మెళ్ళో ఉన్న పేరు చదివిన దగ్గర్నుంచీ ఆగలేకపోతున్నాను. మా అమ్మాయి మీ పక్కవీధిలో కాపురం ఉండేది. చూడ్డానికొచ్చినప్పుడు దాని టేబుల్ ఫ్యాను పట్టుకుని మీ షెడ్డుకొచ్చాను. మీ ఆయన అంతా బాగుచేసి, చివరి స్క్రూ నా చేతిలో పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. 'మా బస్సులో సగం టిక్కెట్టు చింపిస్తే ఊరుకుంటారా?' అని అరిచాను."

ఆమెకి లీలగా గుర్తొచ్చింది. టీ గ్లాసులు కడుగుతుంటే వినిపించిన పెద్దగొంతు. "మీరా అది! ఆ రోజంతా ఆయన నవ్వుతూనే ఉన్నారు."

"నవ్వడా మరి! అరిచి అరిచి, చివరికి బిగించాను. పుట్టి బుద్ధెరిగాక స్క్రూ బిగించడం అదే మొదలు. ఇంటికెళ్ళి నా ఫ్యానులన్నీ విప్పి పారేశాను. రెండు పాడుచేశాను, అది వేరే సంగతి. ఇప్పుడు మా డిపో వెనక గదిలో మాకూ ఓ షెడ్డుంది. డ్రైవర్లూ, వాళ్ళ పెళ్ళాలూ, అందరూ వస్తారు. ఎవరు ఏం బాగుచేసినా చివరి స్క్రూ వదిలేస్తారు. కొత్తవాళ్ళు అది మా డిపో రూలనుకుంటారు. మీ ఆయన మొహం మావాళ్ళెవరికీ తెలీదు చెల్లీ. ఆ చెయ్యి మాత్రం తెలుసు."

ఆమె ఒళ్ళో దాచుకున్న చేతులు బయటికి తీసి, బ్యాడ్జీని గుండెకి అదిమి పట్టుకుంది. ఆయన గుర్తులు షెడ్డులోనే ఉన్నాయనుకుని ఇన్నాళ్ళూ కాపలా కాసింది. అవేమో తనకి చెప్పకుండా ఎక్కడెక్కడికో పోయి కాపురాలు పెట్టుకున్నాయి.

భోజనాల దగ్గర కండక్టరమ్మ ఆమెని పక్కనే కూర్చోబెట్టుకుంది. తన ఫోను తీసి వాళ్ళ డిపో గది ఫొటోలు ఒక్కొక్కటీ చూపించింది. చాలావాటిలో మనుషుల వీపులే ఉన్నాయి, అందరూ ఏదో ఒకదాని మీదకి వంగి ఉన్నారు. ఆమెకి అన్నం సయించిన పూట అదే, చాలా రోజులకి.

తిరుగుబస్సులో ఆడపడుచు ఆమె భుజం మీద తల వాల్చి పడుకుంది. మేలుకునే ఉన్న ఆమె ఎవరెవరికి రుణపడిందో తలుచుకుంటూ కూర్చుంది. తాడు చిక్కు తీసిన పిల్ల. నీళ్ళ గ్లాసు జరిపిన ఆవిడ. ఎప్పుడో టేబుల్ ఫ్యాను పాడుచేసుకున్న కండక్టరమ్మ కూతురు. గట్టు దిగనని మొండికేసిన ఈ వాగుడుకాయ. వస్తానని మాటిచ్చి, తనని పంపించిన మనిషి.

ఆదివారం మేస్త్రి వచ్చేసరికి ఆమె పెరట్లో నిలబడి ఉంది, తాళంచెవి చేతిలో పట్టుకుని.

"తమ్ముడూ, ఇదిగో."

మేస్త్రి నమ్మలేనట్టు చూశాడు. తాళం వానకి బిగుసుకుపోయింది. నూనె చుక్కలు వేసి, అటూ ఇటూ కదిపి, చెవిని చాలావరకు తిప్పాడు. అక్కడ ఆగి, పక్కకి తప్పుకున్నాడు.

"మిగతాది మీదక్కా. కానివ్వండి."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తిప్పింది. తాళం ఊడింది.

కాసేపట్లో వీధి సగం షెడ్డులో ఉంది. లెక్కల టీచరు నల్లటేపు స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంది. వద్దనబోయి ఆమె ఆగింది. చూస్తూ నిలబడింది. టీచరు బొటనవేలు చిన్నది. ఆ గుంటలో ఇంకా చోటు మిగిలింది.

ఆమె లోపలికొచ్చి టీకి నీళ్ళు పెట్టింది. చాన్నాళ్ళ తర్వాత పెద్దగిన్నె. వెనకాలే వచ్చిన ఆడపడుచు అలమర వంక చూసింది.

"తలుపింకా ఇలాగే వేలాడుతోందేం వదినా? ఆ స్క్రూ ఇటివ్వు, నేను బిగిస్తా."

"ముట్టుకోకు."

"పోనీ నువ్వు బిగించు. నీదేగా!"

"నాదే" అంది ఆమె. కిటికీ గట్టు మీది స్క్రూ తీసి, కొంచెం దుమ్ము పట్టి ఉంటే చేత్తో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది. "తర్వాత చూస్తాలే."

ఎడమచేత్తో తలుపు కాస్త పైకెత్తి పట్టుకుని, కుడిచేత్తో గ్లాసులన్నీ బయటికి తీసింది.